కిరాయి చట్టం ఆగిపోయే చోటు: చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్

హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాటి వస్తుంటే ముందు చిట్యాల తగులుతుంది, ఆ తర్వాత నార్కట్‌పల్లి, ఇంకా ముందుకు పోయి కట్టంగూరు దాటితే నకిరేకల్. చిట్యాల 2018లో మున్సిపాలిటీ అయింది. నకిరేకల్‌లో 2021 ఏప్రిల్ 30న మున్సిపల్ ఎన్నికలు జరిగాయి. నడుమనున్న నార్కట్‌పల్లి మండల కేంద్రం. ఆర్టీసీ డిపో ఉంది, 1999 నుంచి కామినేని మెడికల్ కాలేజీ ఉంది, మిర్యాలగూడ మీదుగా అద్దంకి పోయే రోడ్డు పుట్టేది ఇక్కడే. అయినా ఊరు పంచాయతీయే.

ఈ తేడా ఇంటి పన్నుకూ వార్డు ఎన్నికలకూ సంబంధించినదని అనుకుంటాం. కిరాయి ఇంటి దాకా వస్తే మరో తేడా బయటపడుతుంది. తెలంగాణలో నేటికీ అమల్లో ఉన్న 1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం తన పరిధిని మొదటి సెక్షన్‌లోనే గీసుకుంది. హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలకూ, అన్ని మున్సిపాలిటీలకూ అది వర్తిస్తుంది. మిగతా ఊళ్లకు వర్తించాలంటే ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇవ్వాలి. అంటే మున్సిపాలిటీ హద్దు దాటి పంచాయతీలో అడుగుపెట్టగానే కిరాయిదారు వేరే చట్టం కిందికి, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందికి వస్తాడు. నెల నెలా కిరాయి కట్టి ఉండేవాణ్ని ఖాళీ చేయించడానికి ఆ చట్టం అడిగేది పదిహేను రోజుల నోటీసు. కారణం చూపమని అడగదు. కిరాయి ఎంతన్నది ఇద్దరూ మాట్లాడుకున్నంత.

ఒకే రోడ్డు, ఒకే నేల, చాలావరకు ఒకే రకం బతుకుతెరువు, నడుమ ఒక చట్టపు గీత. కిరాయి నియంత్రణ వల్ల ఏ రాబడి మనుషులు ఎక్కడికి చేరతారన్న ప్రశ్నకు ఇంతకంటే అనువైన చోటు దొరకదని పరిశోధకుడికి మొదట ఆశ పుడుతుంది. ఆ ఆశలో ఎంత నిలుస్తుందో చూడడమే ఈ వ్యాసం పని.

ముందు చట్టం బలమెంతో తూచాలి. 1960 చట్టం రెండు పాయలు కలిసి పుట్టింది. తెలంగాణ వైపు 1954 నాటి హైదరాబాదు ఇళ్ల చట్టం, ఆంధ్ర వైపు 1949 నాటి మద్రాసు చట్టం ఉండేవి. రెంటినీ తీసేసి ఇది వచ్చింది. దీనికి గుండెకాయ నాలుగో సెక్షన్: రెంట్ కంట్రోలర్ న్యాయమైన కిరాయి నిర్ణయించాలి. దేన్ని చూసి? 1944 ఏప్రిల్ 5కు ముందటి పన్నెండు నెలల్లో ఆ చుట్టుపక్కల నడిచిన కిరాయిని చూసి. యుద్ధకాలపు ధరను కొలబద్దగా పెట్టుకున్న చట్టం అది. ఆ కొలబద్ద ప్రకారం ఇల్లు కట్టి కిరాయికివ్వడం ఎవరికీ గిట్టదని శాసనసభకూ తెలుసు. అందుకే 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లను చట్టం నుంచి మినహాయించింది. కొత్త ఇళ్లు లేవాలన్నది ఉద్దేశం.

పాతికేళ్లు గడిచాయి. 1957 తర్వాతి ఇళ్లూ పాతబడ్డాయి, వాటిలో ఉన్నవాళ్లకు మాత్రం రక్షణ లేదు. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. మొదట్లో సమంజసమైన తేడాయే కాలం గడిచేకొద్దీ వివక్షగా మారిందన్నది తీర్పు సారం. రెండు నెలలు గడవగానే, డిసెంబరు 29న, ప్రభుత్వం 636 నంబరు జీవోతో మినహాయింపును ఇంకో రూపంలో తెచ్చింది: కట్టి పదేళ్లు నిండని భవనాలకూ, నెల కిరాయి వెయ్యి రూపాయలు దాటిన వాటికీ చట్టం వర్తించదు. 2005 సవరణ దాన్ని చట్టంలోకే ఎక్కించి, పదేళ్లను పదిహేను చేసింది. కిరాయి హద్దును కార్పొరేషన్లలో 3,500 రూపాయలకు, మిగతా చోట్ల 2,000 రూపాయలకు పెంచింది.

ఇక్కడొక చిన్న లెక్క వేయాలి. 2005లో రెండు వేలున్న కిరాయి ఏడాదికి ఐదు శాతం చొప్పున పెరిగిందనుకుంటే ఇరవై ఏళ్లకు 5,300 అవుతుంది. చట్టంలోని రెండు వేలు మాత్రం రెండు వేలుగానే నిలిచిపోయింది. కాబట్టి చిట్యాలలోనైనా నకిరేకల్‌లోనైనా ఈ చట్టం కింద మిగిలేవి పదిహేనేళ్లు దాటిన పాత రేకుల ఇళ్లు, పెంకుటిళ్లు, బజారులో తాతల నాటి కిరాయికి నడుస్తున్న కొన్ని మడిగెలు. బైపాస్ పక్కన లేచే మూడంతస్తుల భవనంలో డబుల్ బెడ్రూం పోర్షన్‌ను అది తాకదు. పరిశోధకుడి ఆశకు ఇది మొదటి దెబ్బ. గీత ఉన్నమాట నిజమే, కానీ గీతకు ఇవతల లేని మందు అవతల ఇస్తున్నారనుకుంటే, అది చెంచాలో నాలుగో వంతు కూడా లేదు. మూడు ఊళ్ల నడుమ తేడా ఏదైనా కనబడితే అది కిరాయి చట్టం చేసిందేనని చెప్పే ముందు ఈ మాట గుర్తుండాలి.

అసలు చట్టం గట్టిగా అమలైన చోట ఏం జరిగింది? ఇందులో బాగా నమ్మదగిన అధ్యయనం శాన్‌ఫ్రాన్సిస్కోది. ఆ నగరంలో 1994లో ఓటర్లు చిన్న భవనాలకూ కిరాయి నియంత్రణను విస్తరించారు, అదీ 1980కి ముందు కట్టిన వాటికి మాత్రమే. 1980కి కాస్త ముందూ కాస్త వెనకా కట్టిన ఇళ్లలో ఉన్నవాళ్లను రెబెకా డైమండ్, టిమ్ మెక్‌క్వేడ్, ఫ్రాంక్లిన్ చియాన్ ఏళ్ల తరబడి పోల్చి 2019లో ఫలితాలు ప్రచురించారు. రక్షణ దొరికిన కిరాయిదారులు అదే ఇంట్లో నిలిచే అవకాశం 10 నుంచి 20 శాతం పెరిగింది. మరోవైపు యజమానులు ఆ ఇళ్లను అమ్మకపు ఫ్లాట్లుగా మార్చారు, పడగొట్టి కొత్తవి కట్టారు. కిరాయికి దొరికే ఇళ్లు 15 శాతం తగ్గాయి, ఆ కొరతతో ఊరంతటా కిరాయి సుమారు ఐదు శాతం పెరిగింది. మార్చి కట్టిన ఇళ్లలోకి వచ్చినవాళ్లు ఎక్కువ రాబడి ఉన్నవాళ్లు. ఉన్నవాణ్ని నిలిపిన చట్టమే కొత్తగా వచ్చే బీదవాడికి తలుపు మూసిందన్నమాట. ఇందులో ఒక ముక్కనే పట్టుకుని చట్టం మంచిదనో చెడ్డదనో వాదించేవాళ్లు రెండు వైపులా ఉన్నారు.

అమెరికాలోనే సెయింట్ పాల్ నగరం 2021లో కిరాయి పెంపును ఏడాదికి 3 శాతానికి కట్టేసింది. కెనెత్ ఆహెర్న్, మార్కో జకొలెట్టి అక్కడ ఎవరికి లాభం ఎవరికి నష్టం అని లెక్కగట్టారు. బాగా లాభపడిన కిరాయిదారులు ఎక్కువ రాబడి ఉన్నవాళ్లు, బాగా నష్టపోయిన యజమానులు తక్కువ రాబడి ఉన్నవాళ్లు. చట్టం కాగితం మీద ‘కిరాయిదారు’ అని రాసుంటుంది తప్ప ‘బీదవాడు’ అని రాసుండదు. ఇద్దరూ ఒకటే అనుకుని మనం చదువుతాం.

మన దేశం విషయానికొస్తే కిరాయి గడ్డకట్టిన ఇళ్లకు బొంబాయి పేరుమోసింది. 1947 నాటి చట్టం, దాని కింద పెరిగిన పగ్డీ (ఇంట్లో చేరడానికి ముందే పెద్ద మొత్తం కట్టే) పద్ధతి, రిపేరుకు నోచని చాల్‌లు అనే వరుస గదుల పాత భవనాలు. అక్కడి ప్రామాణిక కిరాయి ఇంక సమంజసం కాదని సుప్రీంకోర్టు 1997లో మల్పే విశ్వనాథ్ ఆచార్య కేసులో చెప్పింది. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి. కిరాయికిస్తే ఇల్లు చేజారుతుందన్న భయం ఇందుకు ఒక కారణమని 2017-18 ఆర్థిక సర్వే రాసింది. పట్టణాల్లో కిరాయి ఇళ్ల వాటా 1961లో 54 శాతం, 2011కు 28 శాతం అయిందనీ అదే సర్వే చూపింది. సాహిల్ గాంధీ, రిచర్డ్ గ్రీన్, షావొన్లీ పట్రనబిస్ రాష్ట్రాల చట్టాలను పోల్చి, కిరాయిదారు వైపు ఎక్కువ మొగ్గిన చోట ఖాళీ ఇళ్లు ఎక్కువని చూపారు. అయితే ఖాళీ ఇల్లు చట్టం వల్లనే ఖాళీగా ఉండదు. అమెరికాలో ఉన్న కొడుకు ఎప్పటికైనా వస్తాడని తాళమేసిన ఇల్లు మన దగ్గర ప్రతి వీధిలోనూ ఉంది.

ఇక నార్కట్‌పల్లికి రావాలి. దేశవ్యాప్తంగా పల్లెల్లో కిరాయికుండే కుటుంబాలు 2011 లెక్కల్లో 3.4 శాతమే, పట్టణాల్లో 27.5 శాతం. పంచాయతీలకు కిరాయి చట్టం ఎందుకనే ఆలోచనకు మూలం అదే: పల్లెలో ఎవరి ఇల్లు వారిదే కదా అని. 2012 ఆధార సంవత్సరంగా నడిచిన ధరల సూచీలోనూ ఇంటి కిరాయిని పట్టణాలకే లెక్కగట్టారు, పల్లెకు ఆ గడే లేదు. కానీ ఆసుపత్రి, కాలేజీ, డిపో, నాలుగు దారుల కూడలి ఉన్న పల్లె వేరు. అలాంటి ఊళ్లో కిరాయి పోర్షన్ అడిగేవాళ్లెవరో వరుసగా చూస్తే సమస్య స్వభావం బోధపడుతుంది. ఎంబీబీఎస్ చదివేవాళ్లు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు ఒకటి రెండేళ్లు, మెరుగైన ఉద్యోగం దొరికేదాకా. డ్రైవర్లు, కండక్టర్లు, పంతుళ్లు బదిలీ వచ్చేదాకా. వార్డుల్లో ఊడ్చేవాళ్లు, క్యాంటీన్లో పనిచేసేవాళ్లు, హోటల్ కుర్రాళ్లు పని ఉన్నంతకాలం.

వీళ్లలో ఎక్కువమంది వచ్చిపోయేవాళ్లు. కిరాయి నియంత్రణ ఇచ్చే లాభమేమో నిలిచి ఉన్నవాడికి. దీన్ని లెక్కలో పెడదాం. మూడు వేల కిరాయిని కదలకుండా చట్టం పట్టుకుంది, బయట కిరాయి ఏడాదికి ఐదు శాతం పెరుగుతోంది. ఏడాది ఉన్నవాడికి మిగిలేది నెలకు 150 రూపాయలు. ఐదేళ్లున్నవాడికి 829. పదేళ్లున్నవాడికి 1,887. ఇక్కడి కిరాయిదారుల్లో అధికులు ఈ మెట్లలో మొదటి రెంటి నడుమే ఊరు విడిచి పోతారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చట్టం వల్ల దక్కిన మేలు, అంటే పాత వాడలో పాత మనిషి నిలిచిపోవడం, ఇక్కడ చాలా తక్కువమందికి దక్కుతుంది. చట్టం వల్ల జరిగే కీడు, అంటే కిరాయికిచ్చేవాడు వెనక్కి తగ్గడం, ఏటేటా కొత్తగా ఇల్లు వెతుక్కునే ప్రతివాడికీ తగులుతుంది. నా అంచనా ఇది. రుజువైన ఫలితం కాదు. కానీ శాన్‌ఫ్రాన్సిస్కో అంకెలను ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టకూడదని చెప్పడానికి ఇంత చాలు.

సెయింట్ పాల్ ఫలితం మాత్రం ఇక్కడికి దగ్గరగా వస్తుందేమోనని నా అనుమానం. ఇలాంటి ఊళ్లో కిరాయికిచ్చేది పెద్ద కంపెనీ కాదు. ఎకరమో అరెకరమో అమ్మి, కింద తాము ఉంటూ పైన రెండు పోర్షన్లు వేసిన కుటుంబం. కొడుకు చదువుకో బిడ్డ పెళ్లికో చేసిన అప్పు వడ్డీ ఆ కిరాయితో తీరుతుంటుంది. పైపోర్షన్‌లో ఉన్నది లక్షల ఫీజు కట్టి చదివే పిల్లల జట్టు కావచ్చు. అదే పోర్షన్ కోసం అడిగి, అంత ఇచ్చుకోలేక వెనక్కి పోయినవాడు ఆసుపత్రిలో స్ట్రెచర్ తోసే మనిషి కావచ్చు. ముగ్గురిలో ఎవరు ఉన్నవాళ్లు, ఎవరు లేనివాళ్లు? కిరాయి హద్దు పెడితే ఓనరు నుంచి మెడికో జేబులోకి డబ్బు పోతుంది. స్ట్రెచర్ తోసేవాడికి ఆ పోర్షన్ దొరుకుతుందా అంటే, ధర దిగినా ఇల్లు ఒక్కటే, అడిగేవాళ్లు ఇంకా పెరుగుతారు. అప్పుడు ఓనరు మనిషిని చూసి ఎంచుకుంటాడు.

ఆ ఎంపిక ఎలా ఉంటుందో కిరాయి ఇల్లు వెతికిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ‘ఎంతమంది ఉంటరు? ఏ ఊరు? మీరేమైతరు? నీసు తింటరా?’ టు-లెట్ బోర్డు కింద ‘ఫ్యామిలీకి మాత్రమే’ అన్న చిన్న గీత. సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీ చుట్టుపక్కల దీన్ని పద్ధతిగా పరీక్షించి 2015లో రాశారు. ఒకే రకం ఉద్యోగం, ఒకే రకం మాటతీరు, పేరు మాత్రం వేరు. దళితులకూ ముస్లింలకూ తలుపులు ఎక్కువగా మూసుకున్నాయి. కిరాయి నియంత్రణ ఉన్నా లేకున్నా ఈ వివక్ష ఉంది. కానీ ధరతో ఎంచుకునే వీలు తగ్గినకొద్దీ ఇలా ఎంచుకునే వీలు పెరుగుతుందన్నది కొట్టిపారేయలేని అనుమానం. ఊరు, వాడ వేరువేరుగా కట్టుకున్న నల్లగొండ పల్లెల్లో రాబడి ఎక్కడ కూర్చోవాలో కిరాయి చట్టానికి ఎంతో ముందే నిర్ణయమైపోయింది. ఏ కొలతైనా దాని మీదే నిలబడి జరగాలి.

ప్రభుత్వం మరో దారిలో కూడా ఈ రాబడి పటాన్ని గీస్తోంది. తెలంగాణ ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం ఊరిని బట్టి 24, 17, 13, 11 శాతాల మెట్లలో ఉంటుంది. చిన్న ఊరికి ఆఖరి మెట్టు. పంతులు గాని గుమాస్తా గాని నార్కట్‌పల్లిలో పనిచేస్తూ నల్లగొండలోనో ఎల్బీనగర్‌లోనో ఉండి రోజూ అప్ అండ్ డౌన్ చేస్తే భత్యం పెరగదు. అయినా చేస్తారు, పిల్లల బడి కోసం. నెల జీతం వచ్చేవాడు ఊళ్లో పనిచేసి పక్క పట్టణంలో నిద్రపోతాడు. రోజు కూలీ మీద వచ్చేవాడు చుట్టుపక్కల పల్లె నుంచి ఆటోలో వచ్చిపోతాడు. ఊళ్లో కిరాయికి మిగిలేది నడుమ తరగతి. బస్ పాస్ ఖరీదు, బడి, రోడ్డు ఈ మూడూ కలిసి చేసే పని కిరాయి చట్టం చేయగలిగిన దానికంటే పెద్దది కావచ్చు.

కిరాయిని కట్టడి చేయడం వద్దనుకుంటే బీదవాడికి ఇల్లే ఇచ్చేస్తే పోలేదా అన్న ప్రశ్న వస్తుంది. అహ్మదాబాదులో 1987లో బీడీ, అగర్‌బత్తీ పనిచేసే స్త్రీలకు లాటరీ తీసి నగరం నడిబొడ్డుకు పన్నెండు కిలోమీటర్ల దూరాన ఇళ్లిచ్చారు. పద్నాలుగేళ్ల తర్వాత బార్న్‌హార్ట్, ఫీల్డ్, పాండే వెళ్లి చూస్తే, గెలిచినవాళ్లలో 34 శాతం అసలు మారనే లేదు, 32 శాతం మారాక ఆ ఇళ్లు వదిలేశారు. పని దగ్గర, చుట్టాల దగ్గర ఉన్న మురికివాడే నయమనుకున్నారు. 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు డబుల్ బెడ్రూం సముదాయంలో 15,660 ఇళ్లు ఉన్నాయి. హైదరాబాదు బస్తీల నుంచి అక్కడికి పోయినవాళ్ల పనీ బస్సూ ఏమయ్యాయో ఇదే కంటితో చూడాలి. నార్కట్‌పల్లి లాంటి చోట సర్కారు స్థలం దొరికేది ఊరి చివరనే. ఆసుపత్రి రాత్రి డ్యూటీ దిగిన మనిషికి ఆ ఊరి చివర ఎంత దూరమన్నది కాగితం మీద కనబడదు.

మళ్లీ మన మూడు ఊళ్ల పోలిక దగ్గరికి. పంచాయతీ మున్సిపాలిటీ అయిన రోజు కిరాయి చట్టం ఒక్కటే రాదు. ఇంటి పన్ను మారుతుంది, ఇల్లు కట్టడానికి అనుమతి పద్ధతి మారుతుంది, ఉపాధి హామీ పని ఆగిపోతుంది. చిట్యాలలో కిరాయి పెరిగితే ఆ నింద దేని మీద వేయాలి? ఉపాధి హామీ పోయిన కూలీ కుటుంబం ఊరు దాటి పంచాయతీ వైపు మళ్లితే, దాన్ని కిరాయి చట్టం తోసిందని రాయడం తప్పవుతుంది. దీన్ని కొంతవరకు విడదీసే దారి ఒకటుంది. మున్సిపాలిటీలోనే పదిహేనేళ్లు నిండబోతున్న ఇళ్లనూ ఇప్పుడే నిండిన ఇళ్లనూ పోల్చాలి. పన్ను ఒకటే, అనుమతి ఒకటే, ఉపాధి హామీ రెంటికీ లేదు. తేడా చట్టం లెక్కించే ఇంటి వయసు ఒక్కటే. పదిహేనో ఏడు దగ్గరపడుతుంటే ఓనర్లు రిపేరు పేరుతో ఇల్లు మార్చి మళ్లీ కొత్త గడువు సంపాదించుకుంటున్నారా? గణనీయంగా మరమ్మతు చేసిన భవనానికీ ఆ పదిహేనేళ్ల మినహాయింపు దొరుకుతుంది కాబట్టి ఈ ప్రశ్న ఊహ కాదు. రెండు వేల హద్దుకు కిందా పైనా ఉన్న కిరాయిలు ఎక్కడ గుమిగూడాయో కూడా చూడాలి. చట్టానికి నిజంగా పట్టు ఉంటే రెండు వేల ఒకటి దగ్గర గుంపు కనబడాలి. అలాంటి గుంపు లేకపోతే ఓనర్లూ కిరాయిదారులూ ఈ చట్టం ఊసే లేకుండా బతుకుతున్నారని అర్థం.

కిరాయి రసీదు ఇవ్వని చోట ఈ అంకెలు ఎలా వస్తాయి? 1960 చట్టం రసీదు కిరాయిదారు హక్కంటుంది, ఒక నెల కిరాయికి మించి అడ్వాన్సు వద్దంటుంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం రెండు నెలల అడ్వాన్సు ఒప్పుకుని, కిరాయి ఎంతన్నది ఇరువురి ఒప్పందానికి వదిలి, ఒప్పందాన్ని అధికారి దగ్గర నమోదు చేయమంటుంది. నోటి మాట మీద నడిచే ఊళ్లో ఈ మూడో మాటే పరిశోధకుడికి పనికొచ్చేది. అది వచ్చేదాకా కరెంటు మీటర్లే దిక్కు. ఒక ఇంటి నంబరు మీద ఎన్ని మీటర్లున్నాయో చూస్తే పోర్షన్లు ఎన్నో తెలుస్తుంది. ఆ మీటర్లలో ఎన్ని నెలలు యూనిట్లు తిరగలేదో చూస్తే ఖాళీ ఎంతకాలమో తెలుస్తుంది. ఎవరున్నారన్నది మాత్రం ఇంటింటికీ తిరిగి అడగాలి. అడిగేటప్పుడు పైపోర్షన్ వాళ్లనే కాదు, కింద ఉన్న ఓనర్ల రాబడి కూడా రాసుకోవాలి. కిరాయి సర్వేలలో సాధారణంగా రెండో గడి ఉండదు. నార్కట్‌పల్లి మున్సిపాలిటీ కాకముందే ఆ గడి నింపిన కాగితం ఒకటి ఉంటే, అయిన తర్వాత పోల్చుకోవడానికి ఏదైనా ఉంటుంది.